నీలం గళ్ళ చొక్కా

హంసవాణి అని పిలిచారు మైకులో.
నేను హంసవేణిని.
సరిదిద్దే లోపలే చప్పట్లు మొదలయ్యాయి,
లేచి వెళ్ళాను.

శాలువా, కవరు, జ్ఞాపిక.
మెదడు మీద పనిచేసే చిన్నవాళ్ళకి ఈ బహుమతి,
ముప్పై ఐదు దాటకూడదు.
నాకింకా పందొమ్మిది రోజులుంది.

జ్ఞాపిక అంటే ఇత్తడి మెదడు,
అక్రోటుకాయలా ముడతలు.
ఎవరు పోతపోశారో గానీ
ఎడమ సగం కాస్త ఉబ్బింది.

రెండు నిమిషాలు మాట్లాడమన్నారు.
మా సారుకి, శాఖకి, నిధులిచ్చినవాళ్ళకి
దండాలు పెట్టేసరికి అయిపోయాయి.
ఇది మిగిలిపోయింది.

మా అమ్మ తిరుపతి బస్టాండులో
తప్పిపోయినవాళ్ళని పిలిచేది.
గాజుగది, కిర్రుమనే ఫ్యాను,
గొంతు ఆరితే కలకండ ముక్క.
"కదిరి నుంచి వచ్చిన ఓబుళమ్మ గారూ,
మీవాళ్ళు ఆరో నంబరు దగ్గర ఉన్నారు."
బడి వదిలాక ఆ బల్ల కిందే నా ఎక్కాలు.
పదమూడో ఎక్కం సగంలో
ఎవరో ఒకరు దొరికేవాళ్ళు.

ఒక సాయంత్రం పోలీసాయన
ఒక పెద్దాయన్ని తెచ్చి కూర్చోబెట్టాడు.
ఏ ఊరు సామీ?
నవ్వాడు.
పేరేంది?
నవ్వాడు.
అమ్మ మైకు నొక్కి ఆనవాలు మొదలుపెట్టింది,
"గుండు, గుండుకి చందనం..."
ఆగిపోయింది.
గాజులోంచి చూస్తే బస్టాండు నిండా గుండ్లే,
అన్నిటికీ చందనమే.
"...నీలం గళ్ళ చొక్కా" అంది చివరికి.

మనిషికి పేరు లేక
రాత్రి తొమ్మిది దాకా
చొక్కాని పిలిచింది మా అమ్మ.

ఆయన లడ్డులో జీడిపప్పు ఏరి నా చేతిలో పెట్టి
"తినుకో పాపక్కా" అన్నాడు.
ఎవరో పాపక్క!
తన పేరు పోయినా ఆమె పేరు ఉంది లోపల.
ఆమెనీ పిలిచింది అమ్మ, మూడుసార్లు.
మా నాయన సైకిలు మీద వచ్చి నన్ను తీసుకుపోయాడు.
ఆ తర్వాత నాకు తెలీదు.

ఎముక విరిగితే పుత్తూరుంది,
పేరు విరిగితే యాడికి పోవాల అని
అన్నం కలుపుతూ అనింది అమ్మ ఆ రాత్రి.

ఇప్పుడు నా గదిలో ఒక తొట్టి.
నీళ్ళలో పాలపొడి కలుపుతాం,
లోపలి పీట కనబడకుండా.
ఎలుక ఈది వెతుక్కోవాలి,
రేపటికి గుర్తుంచుకోవాలి.
జబ్బు చేసిన ఎలుక గోడవెంబడి
తిరిగిందే తిరుగుతుంది.
"బస్టాండులో తప్పిపోయినట్టుండాదే మేడం"
అన్నాడు గురప్ప, బోన్లు కడిగే గురప్ప.
నేనాయనకి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

నాలుగేళ్ళు అన్నీ గోడవెంబడే తిరిగాయి.
ఐదో ఏట నూట పద్దెనిమిదో ఎలుక
పదకొండు సెకన్లలో పీటెక్కి
మీసాలు దులుపుకుంది.
గడియారం పాడయిందనుకున్నాను.
మర్నాడు గురప్ప గుండుతో వచ్చాడు.
నాకు చెప్పకుండా మొక్కుకున్నాడట.
వ్యాసంలో తొమ్మిది పేర్లున్నాయి,
ఆయనది లేదు.

ఎలుక నుంచి మనిషికి
ఇంకా చాలా మలుపుల ఘాటురోడ్డు.
అది కూడా చెప్పలేదు వేదిక మీద.

సభ అయ్యాక బస్టాండుకే వచ్చాను, ఎందుకో.
గాజుగదిలో ఇప్పుడు సెల్లు కవర్లు అమ్ముతున్నారు.
పైనుంచి రికార్డు చేసిన గొంతు
బస్సుల్ని మాత్రమే పిలుస్తోంది.
అమ్మకి ఫోన్ చేశాను.
ఆ రోజు ఎవరన్నా వచ్చారామా,
ఆ నీలం గళ్ళ చొక్కాకి?
"ఎన్ని చొక్కాలని గుర్తుంటాయే" అంది,
"బువ్వ తిన్నావా?"

పక్కన కూర్చున్న ముసలామె
నా ఒళ్ళోకి వంగి చూసింది.
కొత్త గుండు, చెవి మీదికి కారిన చందనం.
"ఏ దేవుడమ్మా?"
నేను నోరు తెరిచే లోపలే
ఆ ఉబ్బిన ఎడమ సగాన్ని తాకి
కళ్ళకద్దుకుంది.

సరిదిద్దలేదు.
"మీ పేరేంటవ్వా?" అని అడిగాను.
ఠక్కున చెప్పింది,
ఊరితో సహా.